పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు కషాయాలు, మూలికా టీలు: ఏది తాగవచ్చు, ఎలా కాచాలి, ఎప్పుడు ఆపాలి

ఇంట్లో పిల్లల మాట మొదలైన రోజు నుంచి పొయ్యి మీదకు ఒక కొత్త గిన్నె వస్తుంది. పెద్దమ్మ చెప్పిన మెంతుల నీళ్లు, పక్కింటావిడ చెప్పిన దాల్చినచెక్క కషాయం, ఫోనులో ఎవరో చెప్పిన శతావరి టీ. నెల తిరిగేసరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఇంకొకటి. ఇవన్నీ తాగవచ్చా అన్న ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి, ముందు చేయాల్సింది ముందు, తర్వాత చేయాల్సింది తర్వాత వచ్చేలా జవాబు రాస్తున్నాను.

## 1. ముందు ఒక లెక్క తేల్చుకోండి

ఏ మూలికా టీ అయినా తాగితే గర్భం వస్తుందని గట్టిగా రుజువు కాలేదు. పీసీఓఎస్ (హార్మోన్లు గాడి తప్పి అండం క్రమంగా విడుదల కాని సమస్య) ఉన్నవారిలో దాల్చినచెక్క వల్ల నెలసరి కొంత క్రమపడినట్టు, పుదీనా టీ వల్ల మగ హార్మోను కొంత తగ్గినట్టు చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. నెలసరి క్రమపడడం, గర్భం నిలబడడం ఒకటి కావు.

కాబట్టి కప్పు నుంచి ఆశించదగినది నోటికి హాయి, కడుపుకు తేలిక, సాయంత్రం కాసేపు కూర్చునే వీలు. అంతవరకే లాభం ఉన్నప్పుడు, దానికోసం ఎంత చిన్న ప్రమాదమైనా ఎందుకు తెచ్చుకోవాలి? కింద రాసినదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఏదైనా మూలిక గురించి అనుమానం ఉంటే, నా జవాబు వద్దనే.

## 2. తాగుతున్నవన్నీ బల్ల మీద పెట్టండి

సగం మందికి తాము ఏమేం తాగుతున్నారో తెలియదు. ఒక కాగితం తీసుకుని భార్యాభర్తలిద్దరూ కూర్చోండి. వారం రోజుల్లో నోట్లోకి వెళ్లినవన్నీ రాయండి.

- పరగడుపున తాగే నీళ్లు: మెంతులు, జీలకర్ర, వాము, తేనె నిమ్మరసం
- టీ, కాఫీ, గ్రీన్ టీ: రోజుకు ఎన్ని కప్పులు
- ప్యాకెట్ టీలు: బరువు తగ్గడానికి, నిద్రకు, కడుపు శుభ్రానికి కొన్నవి
- పొడులు, లేహ్యాలు: అశ్వగంధ, శతావరి, త్రిఫల, మునగాకు పొడి
- జలుబుకో జ్వరానికో కాచుకునే కషాయాలు
- డాక్టర్ రాసిన మాత్రలు, వేళలతో సహా
- ఎవరో ఇచ్చిన, పేరు తెలియని పొట్లాలు

చివరి వరుసలో ఏదైనా రాయాల్సి వస్తే దాన్ని ఈ రోజే ఆపేయండి. పేరు తెలియని పొట్లానికి ఈ వ్యాసంలో ఇంకెక్కడా చోటు లేదు.

## 3. మరిగిన కొద్దీ బలం మారుతుంది

ఆయుర్వేదంలో మూలికను వాడే పద్ధతులకు వేర్వేరు పేర్లు ఉన్నాయి. ఆకును దంచి పిండితే స్వరసం, ముద్దగా నూరితే కల్కం, నీళ్లలో మరిగించి ఇంకగొడితే క్వాథం, చల్లని నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం, వేడి నీళ్లు పోసి కాసేపు ఉంచి వడకడితే ఫాంటం. మనం మూలికా టీ అంటున్నది ఫాంటం. మన ఇళ్లలో కషాయం అనేది క్వాథం.

పూర్వులు ఊరికే ఇన్ని పేర్లు పెట్టలేదు. నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించిన కషాయం, అదే మూలికతో ఐదు నిమిషాలు నానిన టీ కంటే చాలా గాఢంగా ఉంటుంది. పొడిని పాలలో కలిపి తాగితే వడకట్టేది కూడా ఉండదు, మూలిక మొత్తం లోపలికే పోతుంది. మాత్రలుగా అమ్మే సారం వీటన్నిటికంటే గాఢం.

అందుకని ఏ మూలిక గురించి అయినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఏ భాగం, ఎంత, ఏ రూపంలో. మునగాకు పప్పు నిశ్చింతగా తినండి. మునగ వేరు, బెరడు మాత్రం ఏ రూపంలోనూ వద్దు. ఉగాది పచ్చడిలోని చిటికెడు వేప పువ్వుతో ఏమీ కాదు. రోజూ గ్లాసెడు వేపాకు కషాయం సంగతి వేరు.

## 4. నెలను రెండు సగాలు చేయండి

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. పరీక్షలో రెండు గీతలు కనిపించాక ఆపేద్దాంలే అనుకుంటారు. అప్పటికే ఆలస్యం కావచ్చు.

అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి దాదాపు 14 రోజుల ముందు. 28 రోజుల చక్రంలో అది 14వ రోజు దగ్గర, 32 రోజుల చక్రంలో 18వ రోజు దగ్గర పడుతుంది. పిండం ఏర్పడితే వారం పది రోజుల్లో గర్భాశయ గోడకు అంటుకుంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం దాల్చిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెలసరి రెండు వారాలు ఆలస్యమైందని మీరు గమనించేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది.

పాటించాల్సిన క్రమం ఇది:

- మొదటి సగం, అంటే నెలసరి మొదటి రోజు నుంచి అండం విడుదలయ్యే వరకు: 5వ భాగంలోని పానీయాలు, చెప్పిన మోతాదులో.
- రెండో సగం, అంటే అక్కడి నుంచి తర్వాతి నెలసరి వరకు: గర్భవతినే అనుకుని నడుచుకోవాలి. 5వ భాగంలో కూడా రెండో సగంలో వద్దని రాసినవి ఆపాలి.
- నెలసరి క్రమంగా రానివారు: ఏ రోజు ఏ సగమో తెలియదు కాబట్టి నెలంతా రెండో సగమే.

క్యాలెండర్ మీద అండం విడుదల రోజు అంచనా వేసి పెన్సిలుతో గీత గీయండి. గోడ మీద వద్దనుకుంటే ఫోనులోనైనా సరే.

## 5. మితంగా తాగదగినవి

ఇవి ఆరోగ్యంగా ఉండి, ఏ మందులూ వాడనివారికి. మందులు వాడేవారు 7వ భాగం చదివాకే మొదలుపెట్టండి. అన్నీ కలిపి రోజుకు ఒకటి రెండు కప్పులు, అంతకు మించి వద్దు.

అల్లం. వీటన్నిటిలో ఎక్కువ పరిశీలన జరిగినది ఇదే. గర్భిణుల వాంతులకు రోజుకు 1 గ్రాము ఎండు అల్లం వాడి చూసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. కప్పుకు బొటనవేలి గోరంత పచ్చి అల్లం ముక్క చాలు. శొంఠి పొడి అయితే పావు చెంచాకు మించవద్దు, ఎండితే ఘాటు పెరుగుతుంది.

జీలకర్ర, ధనియాలు. అర చెంచా, గ్లాసు నీళ్లు. వంటలో వాడే మోతాదు దాటనంతవరకు బెంగ లేదు.

పుదీనా. ఆరేడు ఆకులు. గుండెలో మంట ఉన్నవారికి ఎక్కువ కావచ్చు.

నిమ్మగడ్డి. ఒక చిన్న ముక్క, వారంలో రెండు మూడు సార్లు. నిమ్మగడ్డి నూనె వేరే వస్తువు, దాన్ని తాగకూడదు. రెండో సగంలో ఆపండి.

సోంపు. భోజనం తర్వాత నోట్లో వేసుకునే చిటికెడుతో ఇబ్బంది లేదు. ఇందులో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు ఉన్నాయి కాబట్టి రోజూ గాఢంగా కాచి తాగవద్దు. రెండో సగంలో టీగా వద్దు.

మెంతులు. పోపులో, పచ్చడిలో, కూరలో సరే. నానబెట్టిన మెంతుల నీళ్లు మొదటి సగంలో మాత్రమే, చెంచాకు మించకుండా. రెండో సగంలో ఆపండి. ఎక్కువ మోతాదులో మెంతులు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి, గర్భాశయాన్ని కదిలిస్తాయని కూడా అనుమానం ఉంది.

దాల్చినచెక్క. మన బజార్లో దొరికే దళసరి చెక్క ఎక్కువగా కాసియా రకం. అందులో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, ఎక్కువైతే కాలేయానికి మంచిది కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు శరీర బరువులో కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. మసాలాలో చిన్న ముక్క వేస్తే ఆ హద్దు దాటదు, రోజూ చెంచా పొడి కలుపుకుని తాగితే దాటవచ్చు. కాగితంలా పలచని పొరలు చుట్టుకుని ఉండే సిలోన్ రకంలో కౌమరిన్ చాలా తక్కువ. ఏ రకమైనా రెండో సగంలో టీగా వద్దు.

మామూలు టీ, కాఫీ, గ్రీన్ టీ. మూలికలు కాకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు. గర్భిణులకు చెప్పే హద్దు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్. ప్రయత్నిస్తున్నవారు కూడా దానికే కట్టుబడితే మంచిది. మన ఇంటి చిన్న కప్పు టీలో సుమారు 30 నుంచి 50, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 100 వరకు ఉంటుంది. గ్రీన్ టీ ఫోలిక్ ఆమ్లం ఒంటికి పట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. రోజుకు ఒక కప్పు చాలు, అదీ మాత్ర వేళకు దూరంగా.

తులసి ఎందుకు లేదని అడుగుతారని తెలుసు. తీర్థంలోని రెండు ఆకులతో చింత లేదు. కానీ కుందేళ్లు, ఎలుకల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువ మోతాదు తులసి వీర్యకణాలను తగ్గించినట్టు కనబడింది. మనుషుల్లో అలా జరుగుతుందని తేలలేదు. అయినా రోజూ తులసి కషాయం తాగే అలవాటును ఈ కొన్ని నెలలు పక్కన పెట్టమంటాను.

## 6. ఆపేయాల్సినవి

సునాముఖి. బరువు తగ్గించే, కడుపు శుభ్రం చేసే టీ ప్యాకెట్లలో చాలావాటిలో ఉండేది ఇదే. విరేచనాలు చేయించి నీటిని, పొటాషియంను బయటకు పంపుతుంది, మాత్రలు పని చేసే సమయం ఇవ్వదు. దీనికే నేలతంగేడు అని ఇంకో పేరు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వుతో దీన్ని కలపకండి. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ తంగేడు పూల టీ కూడా ఇప్పుడు దొరుకుతోంది. అది చక్కెరను తగ్గిస్తుందని జంతువుల పరీక్షల్లో కనబడింది కాబట్టి మధుమేహం మాత్రలు వాడేవారు దాని జోలికి పోవద్దు.

అశ్వగంధ. థైరాయిడ్ హార్మోన్ల మీద, కాలేయం మీద ప్రభావం, గర్భం పోయే అవకాశం గురించిన అనుమానం. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. స్త్రీలు ప్రయత్నం మొదలుపెట్టే ముందే ఆపాలి.

శతావరి. దీని మీద నమ్మకం ఎక్కువ, మనుషుల మీద జరిగిన పరిశీలన తక్కువ. ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం ఉంది. అండాశయాలను ప్రేరేపించే ఇంజెక్షన్లు, లెట్రోజోల్ వంటి మాత్రలు వాడుతున్నవారు సొంతంగా తీసుకోకూడదు.

అతిమధురం. గొంతు నొప్పికి చప్పరించే చిన్న ముక్క వరకు సరే. రోజూ కషాయంగా తాగితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అతిమధురం మిఠాయిలు ఇష్టంగా తినే ఫిన్లాండ్‌లో గర్భిణులు దాన్ని ఎక్కువగా తినవద్దని అధికారికంగానే చెబుతారు. ప్యాకెట్ టీలు ఎన్నింటికో తీపి ఇచ్చేది ఇదే కాబట్టి పదార్థాల జాబితాలో వెతకండి.

మందార పూల టీ. దుకాణంలో ఎర్రగా, పుల్లగా ఉండే టీ మన పెరటి మందారం కాదు, గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులు. పెరటి మందార పువ్వు సారం జంతువుల్లో గర్భం నిలవకుండా చేసినట్టు పాత పరీక్షలు ఉన్నాయి. పేర్ల గందరగోళంలో పడకుండా రెండూ మానేయడం తేలిక. గోంగూర పచ్చడికి మాత్రం అడ్డు చెప్పను.

వేప, నేలవేము. రెండింటికీ సంతాన సామర్థ్యాన్ని తగ్గించే గుణం జంతువుల పరీక్షల్లో కనబడింది. వేపనూనెను గర్భనిరోధకంగా వాడే ప్రయోగాలు కూడా జరిగాయి. జ్వరాల కాలంలో ఇంటిల్లిపాదికీ పోసే నేలవేము కషాయం మీ గ్లాసులోకి రాకుండా చూసుకోండి.

తిప్పతీగ. కోవిడ్ కాలంలో చాలా ఇళ్లలో రోజూ కాచారు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో విభేదించింది, అదే జాతిలోని వేరే తీగను పొరబడి వాడి ఉండవచ్చంది. ఎవరిది నిజమైనా మీరు చేయాల్సింది ఒకటే, ఆపేయడం. కంచె మీద తీగను చూసి పోల్చుకోగలనన్న ధీమా వద్దు.

శంఖపుష్పం పూల నీలి టీ. రంగు బాగుంటుంది, ఫొటో ఇంకా బాగుంటుంది. గర్భం కోరుకునేవారికి సురక్షితమని చెప్పేంత సమాచారం లేదు.

కలబంద రసం, బొప్పాయి ఆకు రసం, పచ్చి బొప్పాయి, కాయం. కలబంద ఆకు అంచున కారే పసుపు జిగురు తీవ్ర విరేచనకారి. పచ్చి బొప్పాయి పాలు గర్భాశయాన్ని కదిలిస్తాయి. బాగా పండిన బొప్పాయి వేరు, దాన్ని తినవచ్చు. కాయం బాలింతలకు పెట్టేది. కాన్పు తర్వాతి మందును కాన్పుకు ముందే తినాల్సిన పని లేదు.

విదేశాల్లో అమ్మే సంతాన టీలు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు వీటి గురించే అడుగుతారు. ఎర్ర రాస్ప్‌బెర్రీ ఆకు, చేస్ట్‌బెర్రీ, రెడ్ క్లోవర్, డాంగ్ క్వై వీటిలో తరచూ కనిపిస్తాయి. చేస్ట్‌బెర్రీ మన వావిలికి దాయాది, కానీ అదే మొక్క కాదు. ఇది ప్రొలాక్టిన్ హార్మోను మీద పని చేస్తుంది కాబట్టి ఆ హార్మోనును తగ్గించే కాబెర్గోలిన్ మాత్ర వాడేవారికి, ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించే చికిత్స) మందుల్లో ఉన్నవారికి తగదు. రాస్ప్‌బెర్రీ ఆకును అక్కడివారే నెలలు నిండాక మాత్రం తాగుతారు, ఎందుకంటే అది గర్భాశయ కండరాల మీద పని చేస్తుందని వారి నమ్మకం.

మగపిల్లవాడి మందు. శివలింగి గింజలతో, ఇంకా ఏవేవో కలిపి ఇచ్చే పొట్లాలు. బిడ్డ ఆడా మగా అన్నది ఫలదీకరణ క్షణంలోనే తేలిపోతుంది, ఆ తర్వాత ఏ మందూ మార్చదు. హర్యానాలో జరిగిన పరిశీలనల్లో ఇలాంటి మందులకూ పుట్టుకతో వచ్చే లోపాలకూ సంబంధం కనబడింది.

## 7. మాత్రల వేళ, కప్పు వేళ

ఈ దశలో తప్పనిసరి అయినది ఫోలిక్ ఆమ్లం. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి మొదటి మూడు నెలలు నిండే వరకు. మధుమేహం, మూర్ఛ మందులు, ఇంతకుముందు బిడ్డకు వెన్నుపాము లోపం వంటివి ఉంటే డాక్టర్ 5 మిల్లీగ్రాములు రాస్తారు. ఏ కషాయమూ దీనికి బదులు కాదు.

- థైరాయిడ్ మాత్ర: పరగడుపున మంచినీళ్లతో. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు ఏమీ వద్దు. జీలకర్ర నీళ్లు కూడా వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం.
- ఐరన్ మాత్ర: టీకి, కాఫీకి, వగరుగా ఉండే ఏ కషాయానికైనా కనీసం గంట, వీలైతే రెండు గంటల దూరం.
- మెట్‌ఫార్మిన్ (మధుమేహానికి, పీసీఓఎస్‌కు రాసే మాత్ర): మెంతులు, దాల్చినచెక్క, తంగేడు పూలు దీనికి తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం గమనించండి.
- రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, హెపారిన్: అల్లం, వెల్లుల్లి, పసుపు వంటలో సరే. గాఢమైన కషాయాలుగా, మాత్రలుగా వద్దు.
- ఏ మందైనా: మిరియాల్లోని పైపరిన్ కొన్ని మందులు ఒంటికి పట్టే తీరును మార్చేస్తుంది. రసంలోని మిరియాలతో ఇబ్బంది లేదు, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన త్రికటు చూర్ణం సొంతంగా వద్దు.

ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్స), ఐవీఎఫ్ చికిత్సలో ఉన్నవారికి ఈ భాగం ఒక్క మాటలో తేలిపోతుంది. మందులు మొదలైన రోజు నుంచి ఫలితం తెలిసే రోజు వరకు మూలికలన్నీ బంద్. వంట మామూలుగా.

## 8. కాచే పద్ధతి

1. స్టీలు గిన్నె తీసుకోండి. నిమ్మరసం, చింతపండు వంటి పులుపు తగిలేదైతే రాగి, ఇత్తడి పాత్రలు వద్దు.
2. ఒక్క పదార్థమే ఎంచుకోండి. ఐదు కలిపితే, పడనిది ఏదో ఎప్పటికీ తెలియదు.
3. ఆకైతే మూడుసార్లు కడగండి. పూజకు కొన్న పూలు, ఆకులు వాడకండి, వాటి మీద పురుగుమందు ఉండవచ్చు. దుకాణంలో దొరికే చామంతి టీ మన పూజ చామంతితో చేసేది కూడా కాదు, అది వేరే మొక్క.
4. 200 మిల్లీలీటర్ల నీళ్లు మరగనిచ్చి పొయ్యి ఆపండి.
5. పదార్థం వేసి మూత పెట్టి 5 నిమిషాలు ఉంచండి. ఇంకగొట్టకండి.
6. వడకట్టి, వేడి తగ్గాక తాగండి. మిగిలింది రేపటికి దాచకండి.
7. మొదటి రోజు సగం కప్పు. మూడు రోజులు గమనించి, దద్దురు, విరేచనాలు, గుండెదడ, తలనొప్పి ఏమీ లేకపోతే పూర్తి కప్పు.

ఏడో అంకెను అందరూ దాటేస్తారు. దాటకండి.

## 9. ప్యాకెట్ చదవడం

ముందు వైపు బొమ్మలు చూడవద్దు, వెనక్కి తిప్పండి.

- ప్రతి పదార్థం పేరు ఉందా? మిశ్రమం అని ఒక్క మాటతో సరిపెడితే తిరిగి పెట్టేయండి.
- ఒక్కొక్కటి ఎంత ఉందో గ్రాముల్లో రాశారా?
- ఆహారమైతే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ సంఖ్య, మందైతే ఆయుష్ తయారీ లైసెన్సు సంఖ్య ఉందా?
- తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య కనిపిస్తున్నాయా?
- భస్మం, రసం, సింధూరం అన్న మాటలున్నాయా? అవి లోహాలతో చేసేవి కావచ్చు. 2011, 2012లో న్యూయార్క్‌లో మన దేశం నుంచి తెప్పించుకున్న ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా బయటపడింది.
- సంతానం గ్యారంటీ అని ఉందా? స్త్రీల వంధ్యత్వం నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధాలు, మంత్రపు చికిత్సల ప్రకటనల చట్టం నిషేధిస్తుంది. ఆ మాట అచ్చు వేసినవాడు లోపల ఏమి వేశాడో ఎలా నమ్ముతాం?

ఆయుర్వేదమే వద్దని నా ఉద్దేశం కాదు. పట్టా ఉన్న వైద్యుడు మిమ్మల్ని చూసి, మీ మాత్రల చీటీ చదివి, పేరు రాసి ఇచ్చిన మందు ఒక సంగతి. కొరియర్‌లో వచ్చే డబ్బా ఇంకో సంగతి.

## 10. భర్త గ్లాసులో ఏముంది?

వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఇవాళ ఆపినదాని ఫలితం మూడు నెలల తర్వాతి పరీక్షలో కనబడుతుంది.

ఆయన ఆపాల్సినవి: వేప, నేలవేము, రోజువారీ తులసి కషాయం, అతిమధురం, వ్యాయామశాలలో ఇచ్చే పేరులేని పొడులు. అశ్వగంధ వల్ల వీర్యకణాలు పెరిగినట్టు కొన్ని చిన్న అధ్యయనాలు ఉన్నాయి. థైరాయిడ్, కాలేయం సమస్య లేదని తేలాక, డాక్టర్‌ను అడిగి తీసుకోవాలి. కషాయాలన్నీ భార్యకే పోసి, ఆయన వీర్య పరీక్ష మాత్రం రెండేళ్లయినా చేయించని ఇళ్లు నాకు తెలుసు. మూలికల కంటే ముందు చేయించాల్సినది ఆ పరీక్ష.

## 11. నెలసరి ఆలస్యమైతే

అన్నిటికంటే ప్రమాదకరమైన కషాయం ఈ సమయంలో వచ్చేది. నాలుగు రోజులు ఆలస్యం కాగానే నువ్వులు బెల్లం దంచి పెడతారు, వాము కాస్తారు, వేడి చేస్తే వచ్చేస్తుందంటారు. ప్రయత్నిస్తున్న స్త్రీకి నెలసరి ఆలస్యమైతే మొదటి అనుమానం గర్భమే కావాలి కదా!

1. నెలసరి రప్పించే ఏ కషాయమూ తాగవద్దు.
2. రావాల్సిన రోజు దాటగానే, తెల్లవారి మొదటి మూత్రంతో ఇంట్లో పరీక్ష చేసుకోండి.
3. రెండో గీత రాకపోతే వారం ఆగి మళ్లీ చేయండి.
4. అప్పటికీ తేలకపోతే రక్త పరీక్ష.
5. రెండో గీత వచ్చి ఒక పక్క పొత్తికడుపులో నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి. గర్భం గర్భాశయంలో కాక అండవాహిక గొట్టంలో ఉండి ఉండవచ్చు.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

తెలియక రెండో సగంలో తాగేశాను. ఒకటి రెండు కప్పులకు కంగారు వద్దు. ఆపండి, ఏది ఎంత తాగారో రాసుకోండి, డాక్టర్‌కు చెప్పండి.

ఫలితం లేదని మోతాదు పెంచాను. తిరిగి పెంచడం కాదు, పూర్తిగా ఆపండి. ఒక నెల ఏమీ లేకుండా ఉండండి.

కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగులో వస్తోంది, దురద. కాలేయ సూచనలు. అన్నీ ఆపి ఆ రోజే కాలేయ పరీక్ష చేయించుకోండి, ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి.

డాక్టర్ తిడతారని చెప్పలేదు. తిట్టినా సరే చెప్పాలి. లేకపోతే పరీక్షల్లో వచ్చిన మార్పుకు ఆవిడ వేరే కారణం వెతుకుతారు, వేరే మందు రాస్తారు.

అత్తగారు ప్రేమతో కాచి తెచ్చారు, కాదనలేను. మూలిక గుణం కంటే ఇదే కష్టమైన ప్రశ్న. వాదన పెట్టుకోవద్దు. “అత్తయ్యా, ఈ నెల మాత్రలు మారాయి. వాటితో ఏదీ కలపవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మీరు సాయంత్రం కాసిన్ని అల్లం నీళ్లు ఇవ్వండి, అవి తాగవచ్చట” అనండి. ఆవిడ చేతికి ఒక పని మిగలాలి. వీలైతే ఒకసారి ఆవిడను కూడా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, మీరు పదిసార్లు చెప్పినదానికంటే అక్కడ విన్న ఒక్క మాట పని చేస్తుంది. ఈ సంభాషణ మీ భర్త చేస్తే ఇంకా మంచిది.

## 13. కప్పు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిన సమయం

35 ఏళ్లలోపు వారు ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, 35 దాటినవారు ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి రెండు మూడు నెలలకు ఒకసారి వస్తున్నా, విపరీతమైన నొప్పి ఉన్నా, రెండుసార్లు గర్భం పోయినా, భర్తకు వీర్య సమస్య తెలిసినా గడువు చూడనక్కరలేదు. ఇంకో మూడు నెలలు ఈ కషాయం వాడి చూద్దామని వాయిదా వేయడం వల్ల పోయే కాలం, ముఖ్యంగా 35 దాటాక, తిరిగి రాదు.

వెళ్లేటప్పుడు సంచిలో ఉండాల్సినవి:

- 2వ భాగంలో రాసిన కాగితం
- తాగుతున్న ప్రతి ప్యాకెట్, ఖాళీదైనా సరే
- గత ఆరు నెలల నెలసరి తేదీలు
- ఇద్దరి పాత పరీక్షల కాగితాలు, మాత్రల చీటీలు
- భర్త